వైన్ ద్రాక్ష తోటలో మిత్ర పురుగులను నిలుపుకోవడం: దక్కను రైతులకు సమగ్ర మార్గదర్శి

నాసిక్ పరిసరాల్లోనూ, బెంగళూరు దగ్గరి నంది కొండల చుట్టుపక్కలా వైన్ కోసం పెంచే ద్రాక్ష తోటలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసే కత్తిరింపు కొమ్మ కోసం, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా చేసేది కాయ కోసం. ఫ్రాన్స్‌లోనో కాలిఫోర్నియాలోనో చలికి తీగ తనంతట తానే ఆకు రాల్చి నిద్రపోతుంది కాబట్టి అక్కడ ఒక్క కత్తిరింపుతో సరిపోతుంది. మన ఎండలో తీగకు ఆ నిద్ర లేదు. ఈ తేడా వల్ల కలిగే ఒక నష్టాన్ని చాలామంది గమనించరు. తోట ఏడాదికి రెండుసార్లు మోడుగా మారినప్పుడల్లా ఆకుల మీద బతికే సాలీళ్లు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, కంటికి సరిగా ఆనని పరాన్నజీవి కందిరీగలు నిలువ నీడ లేక వెళ్లిపోతాయి. తీగ రసం పీల్చే తెల్లని పిండినల్లి మాత్రం ఎక్కడికీ పోదు. అది బెరడు పగుళ్ల కింద దాక్కుని, కొత్త చిగురు రాగానే పైకి ఎక్కుతుంది. దాన్ని తినే పురుగులు తోటకు తిరిగి వచ్చేసరికి అది గుత్తుల్లోకి చేరిపోతుంది.

దక్కనులో ద్రాక్ష తోటకు జీవవైవిధ్యం అంటే నా దృష్టిలో మొదటి అర్థం ఈ రెండు ఖాళీలను పూడ్చడమే. విదేశీ తోటల ఫొటోలు చూసి సాళ్ల మధ్య పూలు చల్లితే అందం వస్తుంది తప్ప, ఆ పూలు కత్తిరింపు తేదీలతో కుదరకపోతే పని జరగదు. ఈ మార్గదర్శిలోని ప్రతి అంచెనూ కత్తిరింపు తేదీకి కట్టే చెప్పాను. రంగారెడ్డి, మేడ్చల్, వికారాబాద్ జిల్లాల్లో పందిళ్ల మీద తినే ద్రాక్ష పండించేవారికి కూడా ఇందులో అధిక భాగం ఉన్నదున్నట్టుగా వర్తిస్తుంది. వైన్ ద్రాక్షకు మాత్రమే చెందిన విషయాలను అక్కడికక్కడ విడిగా చెబుతాను.

ఒక అపోహను ముందే తొలగించాలి. మనం సాగు చేసే ద్రాక్ష రకాల పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి కాయ కట్టడానికి తేనెటీగ అవసరం లేదు. తోటలో పూల మొక్కలు వేయమనడం పరాగ సంపర్కం కోసం కాదు. ద్రాక్ష పురుగులను తినే మిత్ర పురుగులకు తిండి, తావు ఇవ్వడం కోసం.

మొదటి అంచె: విత్తే ముందు చూడడం

మే నెలలో గానీ జూన్ మొదట్లో గానీ తోట చుట్టూ తిరిగి ఒక చేతి పటం గీయండి. గట్లు, వాగు ఒడ్డు, బావి చుట్టుపక్కల, పంపు షెడ్డు వెనక, కరెంటు తీగల కింద, ఇలా సాగులో లేని ప్రతి జాగానూ అందులో గుర్తించండి. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ నెలలో పూస్తుందో రాసుకోండి. గాలి ఎటు నుంచి వస్తుందో, పక్క పొలంలో ఏ పంట ఉందో, అక్కడ మందు కొడితే తుంపర ఎంత దూరం వస్తుందో కూడా పటంలోకి ఎక్కాలి. పక్కది పత్తి చేనైతే ఆ వైపు అంచున పూల పట్టీ పెట్టి లాభం లేదు, అక్కడ మందు తుంపరను అడ్డుకునే దట్టమైన చెట్ల వరుస కావాలి.

తర్వాత తోట మొత్తంలో అక్కడక్కడ 20 తీగలను ఎంచుకుని కాండానికి రంగు రిబ్బను కట్టండి. వాటిలో సగం అంచు సాళ్లలో, సగం మధ్య సాళ్లలో ఉండాలి. ఏడాది పొడవునా వారం వారం లెక్క చూడాల్సింది ఈ తీగల మీదే.

రెండో అంచె: అంచున ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు

ఇక్కడ తొందరపడకూడదు. చెట్టు ఏదైనా మంచిదే అనే మాట ద్రాక్ష తోట గట్టు మీద నిజం కాదు. ద్రాక్షను పట్టే గులాబీ రంగు పిండినల్లికి మందార, బెండ, గోగు, పత్తి, జామ, సీతాఫలం, టేకు అన్నీ ఆశ్రయాలే. వాటిని గట్టు మీద పెంచితే కత్తిరింపు తర్వాత తోటలోకి పిండినల్లిని మనమే పంపినట్టు అవుతుంది. ద్రాక్ష కాండాన్ని తొలిచే పురుగుల్లో ఒకటి అసలు నల్లతుమ్మను, సరుగుడును తొలిచేది. గాలి కోసం సరుగుడు వరుస పెట్టాలనుకునేవారు, పాత నల్లతుమ్మ కంచె ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఉన్న తుమ్మ చెట్లన్నీ కొట్టేయమని నేను అనను. తోటకు ఆనుకున్న వాటి మొదట్లో రంపపు పొట్టులాంటి రజను రాలుతోందేమో వానాకాలంలో చూసుకోవాలి, కొత్తగా మాత్రం నాటకూడదు.

వేప, కానుగ, మునగ మంచి ఎంపికలు. వేప మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది, కానుగ ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. ఎండ మండిపోతూ మిగతా పచ్చదనమంతా మాడిన వేళ, సరిగ్గా మొదటి కత్తిరింపు జరిగేటప్పుడు, ఈ రెండు చెట్లు తేనె అందిస్తాయి. మునగ ఏడాదిలో చాలా కాలం పూతతో ఉంటుంది. తోటకు నీడ పడకుండా ఉత్తరం, పడమర గట్ల మీద వీటిని కలిపి నాటి, డ్రిప్పు చివరి లైను నుంచి ఒక గొట్టం వాటికి ఇవ్వండి. చెట్ల మొదళ్ల మధ్య తులసి వేస్తే అది దాదాపు ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది.

చెట్ల వరుసకు లోపలి వైపు జొన్న నాలుగైదు సాళ్లు దట్టంగా విత్తాలి. దీని వెనక మంచి ఆలోచన ఉంది. జొన్నను పేనుబంక పడుతుంది, కానీ ఆ పేనుబంక గడ్డిజాతి మొక్కలదే, ద్రాక్ష మీదికి రాదు. దాన్ని తింటూ అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు జొన్నలో సంతతిని పెంచుకుంటాయి. ఇదే తర్కాన్ని 1960లలో కాలిఫోర్నియాలో డౌట్, నకాటా అనే శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. నది ఒడ్డున ఉన్న ద్రాక్ష తోటల్లో ఆకు రసం పీల్చే దీపపు పురుగుల బాధ తక్కువగా ఉండడం చూసి కారణం వెతికితే, ఒడ్డున పెరిగే అడవి బ్లాక్‌బెర్రీ పొదల్లో మరో రకం దీపపు పురుగు చలికాలమంతా గుడ్లు పెడుతోందని, ఆ గుడ్ల మీద బతికే అనాగ్రస్ అనే కందిరీగ వసంతంలో ద్రాక్షకు మళ్లుతోందని తేలింది. మన తోటలో ఆ పొద పని జొన్న చేస్తుంది. ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరి చివర మరోసారి విత్తితే రెండు కత్తిరింపులప్పుడూ జొన్న పచ్చగా నిలబడి ఉంటుంది.

మూడో అంచె: పూతను కత్తిరింపు తేదీకి కట్టడం

పరాన్నజీవి కందిరీగ పెద్దది కాగానే దానికి తేనె కావాలి. తేనె దొరికితే ఎక్కువ రోజులు బతికి ఎక్కువ పురుగుల్లో గుడ్లు పెడుతుంది. న్యూజిలాండ్‌లోని వైపరా లోయలో లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ రాటెన్ బృందం 2005 నుంచి ఇదే పని రైతుల తోటల్లో చేసి చూపింది. సాళ్ల మధ్య బక్‌వీట్ అనే పూల పంట విత్తి, ఆకుచుట్టు పురుగులను చంపే కందిరీగలకు పూత అందించారు. మనకు బక్‌వీట్ అవసరం లేదు. ఆ కందిరీగల నోరు పొట్టిది, లోతైన పువ్వులో తేనె వాటికి అందదు. కొత్తిమీర, సోపు, వాము పూలు గొడుగులా విప్పారి తేనెను పైనే ఉంచుతాయి కాబట్టి అవే తగినవి. ఆవాలు, నువ్వులు కూడా పనికొస్తాయి.

బంతి వేస్తే చాలని చాలాచోట్ల చెబుతారు. వేళ్లను పట్టే నులిపురుగుల విషయంలో బంతికి విలువ ఉంది. కానీ ముద్దబంతి రేకుల గుట్టలోంచి చిన్న కందిరీగకు దొరికే తేనె స్వల్పం, పైగా ఎర్రనల్లికి, తామర పురుగులకు బంతి ఇష్టమైన మొక్క. తోట మధ్యలో దాన్ని నేను సూచించను.

తేదీల లెక్క ఇలా వేయండి. అక్టోబరు 10 ప్రాంతంలో కత్తిరిస్తే తీగ పూతకు వచ్చేది నవంబరు మూడు, నాలుగు వారాల్లో. తామర పురుగుల ఉద్ధృతి అప్పుడే. కొత్తిమీర పూతకు 45 నుంచి 60 రోజులు, ఆవాలకు సుమారు 40 రోజులు పడుతుంది. అంటే కొత్తిమీర సెప్టెంబరు చివరి వారంలో, ఆవాలు అక్టోబరు మొదటి వారంలో నేలలో పడాలి. మూడు వారాల తర్వాత రెండో విడత కొత్తిమీర విత్తితే, పిండినల్లి గుత్తుల వైపు కదిలే డిసెంబరులో ఆ పూత అందుతుంది. ఏప్రిల్ కత్తిరింపు కోసం నువ్వులు, బొబ్బర్లు మార్చి మొదటి వారంలో విత్తి తడి ఇవ్వాలి. నీళ్లు తక్కువగా ఉంటే సాళ్ల మధ్య విత్తడం మానేసి గట్టు పట్టీకే పరిమితం కండి.

ఎంత విత్తాలి? ప్రతి పదో సాలు చొప్పున, రెండు మూడు అడుగుల వెడల్పు పట్టీ మొదటి ఏడాదికి సరిపోతుంది. కాలిఫోర్నియాలో నికోల్స్, పరెల్లా, ఆల్టియెరి 2001లో ప్రచురించిన పరిశోధనలో, ద్రాక్ష తోట గుండా వేసిన పూల దారికి దగ్గరగా మిత్ర పురుగులు ఎక్కువగా ఉండి, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోయాయి. కాబట్టి ఒకే చోట వెడల్పాటి పూల మడి కన్నా సన్నని పట్టీలు ఎక్కువ చోట్ల ఉండడం మేలు.

నాలుగో అంచె: సాళ్ల మధ్య నేల

ఇది వైన్ ద్రాక్షకు ప్రత్యేకమైన అంచె. తినే ద్రాక్షలో తీగ బలంగా ఎదగాలని కోరుకుంటాం. వైన్‌కు మితంగా ఎదిగిన తీగ, ఎండ సోకే గుత్తి, చిన్న కాయ కావాలి. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట ప్రతిచోటా కలియదున్నితే నత్రజని పెరిగి ఆకు గుబురవుతుంది, గుత్తులకు నీడ పడుతుంది, బూజు, బూడిద తెగుళ్లు రెండూ ఎక్కువవుతాయి. షెనాన్ బ్లాంక్, జిన్‌ఫాండెల్ వంటి రకాల్లో గుత్తి ముందే ఇరుకు, వాటికి ఇది మరింత చేటు.

అందువల్ల తోటను ఎదుగుదలను బట్టి విడదీయండి. కొమ్మలు సన్నగా, ఆకు లేతరంగులో ఉన్న భాగంలో జూన్ వానలకు జనుము గానీ బొబ్బర్లు గానీ విత్తి, పూత మొదలయ్యేటప్పుడు, అంటే సుమారు 45 నుంచి 50 రోజులకు, కోసి నేల మీదే పరవండి. కొమ్మలు విరగబడి పెరిగే నల్లరేగడి భాగంలో పప్పుజాతి వద్దు. అక్కడ సజ్జ, జొన్న వంటివి విత్తితే నేలలోని మిగులు తేమను, నత్రజనిని అవి లాగేస్తాయి. కోత ఎప్పుడైనా ఒక సాలు వదిలి ఒక సాలు కోయండి. అంతా ఒకే రోజు కోస్తే మళ్లీ అదే ఖాళీ ఏర్పడుతుంది. మిగిలిన సాళ్లను రెండు మూడు వారాల తర్వాత కోయవచ్చు. కాయ రంగు తిరిగే దశ నుంచి తీగకు నీటి పోటీ లేకుండా పట్టీలన్నీ పొట్టిగా ఉంచాలి.

తీగ మొదట్లో చెరకు ఆకు పరిస్తే నేల చల్లగా ఉంటుంది, నేల మీద తిరిగే సాలీళ్లకు, పెంకు పురుగులకు నీడ దొరుకుతుంది. అయితే పరుపు కాండానికి తగలకుండా ఒక జానెడు వదలాలి.

ఐదో అంచె: కత్తిరింపు వారం

కత్తిరించిన కొమ్మలన్నింటినీ కుప్పవేసి కాల్చే అలవాటు మానడం మంచిదే, కానీ అన్నింటినీ నేలలో కలపడం కూడా తప్పే. పక్షికన్ను తెగులు మచ్చలున్న కొమ్మలు, తొలుపు కన్నాలున్న తీగ చేతులు (లావాటి పక్క కొమ్మలు), పిండినల్లి పట్టిన భాగాలు వేరుచేసి తోట బయటికి తీసి కాల్చేయాలి. శుభ్రమైన కొమ్మలను ముక్కలు చేసి సాళ్ల మధ్య వేయవచ్చు. వీలైతే తోటనంతా ఒకేసారి కాకుండా భాగాలుగా, వారం పది రోజుల తేడాతో కత్తిరించండి. కోతకు వచ్చే కూలీల ఏర్పాటు, వైనరీ పండు తీసుకునే తేదీలు ఇందుకు అడ్డం పడవచ్చు. కనీసం రెండు భాగాలు చేసినా మిత్ర పురుగులు పక్క భాగానికి తరలే వీలుంటుంది.

ఆరో అంచె: పిండినల్లి, చీమ, అక్షింతల పురుగు

తోటలో జీవవైవిధ్యం పనిచేస్తోందా లేదా అన్నది చివరికి ఇక్కడే తేలుతుంది. పిండినల్లి విసర్జించే తీపి బంక కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. కందిరీగ గుడ్డు పెట్టబోతే తరిమేస్తాయి. మీరు ఎన్ని పూలు వేసినా, ఎన్ని పురుగులు కొని వదిలినా, చీమ కాండం మీద తిరుగుతున్నంత కాలం ఖర్చు వృథా. అందుకే మొదట చీమ దారి మూసేయాలి. అక్టోబరు కత్తిరింపు అయిన వెంటనే కాండం మీద ఊడిపోయే వదులు బెరడును చేత్తో ఒలిచి, గోనెసంచిలో పోగుచేసి బయట కాల్చండి. పచ్చి బెరడు తగలకుండా ఒలవాలి. తర్వాత కాండానికి ప్లాస్టిక్ టేపు బిగుతుగా చుట్టి, ఆ టేపు మీద జిగురు పూయండి. జిగురు నేరుగా బెరడుకు పూస్తే తీగకు హాని. ఊత స్తంభాలకు, చివరి తీగలను లాగి కట్టిన కమ్మీలకు కూడా జిగురు పట్టీ ఉండాలి, ఎందుకంటే కాండం మూసేస్తే చీమ స్తంభం మీదుగా వస్తుంది. డ్రిప్పు గొట్టానికి, ఎత్తుగా పెరిగిన కలుపుకు కొమ్మలు తగలకుండా చూసుకోండి.

తర్వాత మిత్ర పురుగు. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఆస్ట్రేలియాది. 1898లో దక్షిణ భారత కాఫీ తోటల కోసం దీన్ని తెచ్చారు. పెద్ద పురుగు చిన్న కందిగింజ కన్నా తక్కువ సైజులో, నల్లని రెక్కలతో, నారింజ రంగు తలతో ఉంటుంది. తీగకు 10 చొప్పున వదలడం ఆచరణలో ఉన్న మోతాదు. దాని సరఫరా విషయంలో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థను గానీ, మీకు దగ్గరి ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని గానీ అడగవచ్చు. పిండినల్లి దూదిలాంటి గుడ్ల సంచులు కనిపించిన తీగల మీదే, సాయంత్రం పూట వదలండి. గుడ్ల సంచులు లేనిచోట అవి నిలవవు. నాసిక్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి వాటి సంతతి మందగిస్తుంది కాబట్టి చలి ముదరకముందే వదలడం మంచిది. వదిలే ముందూ తర్వాతా రెండు మూడు వారాలు పురుగుమందు కొట్టకూడదు.

ఇక్కడ పనివాళ్లందరికీ తప్పనిసరిగా చూపించాల్సిన విషయం ఒకటి ఉంది. క్రిప్టోలీమస్ పిల్ల పురుగు ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. గుత్తి మీద దాన్ని చూసి తెగులు ముదిరిందని నలిపేసేవారు ఎందరో. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పిండినల్లి మూడు మిల్లీమీటర్లకు మించదు, దాదాపు కదలదు. క్రిప్టోలీమస్ పిల్ల ఒక సెంటీమీటరు దాటి పెరుగుతుంది, పోగులు పొడవుగా, చిందరవందరగా ఉంటాయి, పుల్లతో తాకితే చకచకా నడిచిపోతుంది. అలాగే పిండినల్లి ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, పీపాలా గట్టిపడి, ఒక చివర గుండ్రని కన్నం ఉంటే దానిలోంచి కందిరీగ పుట్టి వెళ్లిందని అర్థం. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి జేబులో ఉంచుకుంటే వారపు పరిశీలనలో ఇవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. రిబ్బను కట్టిన తీగల మీద సజీవమైన పిండినల్లులు ఎన్ని, ఇలా గట్టిపడ్డవి ఎన్ని, చీమలు ఉన్నాయా లేవా, ఈ మూడూ రాయండి. గట్టిపడ్డవి వారం వారం పెరుగుతుంటే మందు జోలికి పోకుండా ఆగవచ్చు.

ఏడో అంచె: తెగుళ్ల మందులు

మిత్ర పురుగులు శిలీంధ్రాన్ని ఆపలేవు. అక్టోబరు వానల్లో బూజు తెగులుకు, పొడి చలిలో బూడిద తెగులుకు మందు తప్పదు. మందు లేకుండా వైన్ ద్రాక్ష పండించవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. చేయగలిగింది మందు అవసరాన్ని తగ్గించడం. గుత్తి చుట్టూ ఉన్న ఆకులను కాయ కట్టిన తర్వాత ఉదయపు ఎండ తగిలే వైపు తీసేస్తే గుత్తి త్వరగా ఆరుతుంది, కొట్టిన మందు గుత్తికి చేరుతుంది.

బోర్డో మిశ్రమం ఫ్రాన్స్‌లో 1885 నాటి నుంచి ద్రాక్షకు వాడుతున్నదే. ఒక శాతం మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలో, 1 కిలో సున్నాన్ని మరో 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వేర్వేరుగా కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కర్రతో కలపాలి. మెరిసే ఇనుప చాకును అందులో ముంచి తీస్తే దానిమీద ఎర్రటి రాగి పూత కనబడకూడదు, కనబడితే ఇంకొంత సున్నం కలపాలి. అయితే రాగి నేలలోంచి పోదు. ఏళ్ల తరబడి పేరుకుని వానపాములకు హాని చేస్తుంది. ఐరోపా సమాఖ్య 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగికి మించకూడదని హద్దు పెట్టింది. మన తోటలోనూ ఏటా ఎంత రాగి వేశామో లెక్క రాసుకుని, సగటున హెక్టారుకు 4 కిలోల లోపు ఉంచుకోవడం సబబు. సేంద్రియ సాగులో అనుమతి ఉన్న గంధకం కూడా కందిరీగలకు, మేలు చేసే నల్లులకు మంచిది కాదు. దాన్ని మిత్ర పురుగులు వదిలిన రోజులకు దూరంగా జరపండి.

పురుగుమందు కొట్టక తప్పనప్పుడు తోటంతా కాకుండా లెక్కలో తేలిన సాళ్లకే కొట్టండి, పూల పట్టీల మీద తుంపర పడనీయకండి. ఏ మందును కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో పుణె దగ్గరి మాంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం జాబితాలో చూసుకోవాలి.

ఎనిమిదో అంచె: పక్షులు, కందిరీగలు

చిగురు దశలో తోటలో అక్కడక్కడ ఎత్తైన కర్రలు పాతితే పాలపిట్ట, ఏట్రింత వాలి పెంకు పురుగులను, మిడతలను తింటాయి. కాయ మెత్తబడే ముందు ఆ కర్రలు తీసేయాలి, లేకపోతే వాటి మీద గోరింకలు, పిగిలిపిట్టలు వాలతాయి. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరోలో స్థానిక డేగలను ద్రాక్ష తోటల్లో నిలిపినప్పుడు, పక్షులు కోసుకుపోయే కాయలు డేగలు లేని తోటలతో పోలిస్తే 95 శాతం తగ్గాయని 2012లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. మన దగ్గర అలాంటి ప్రయత్నం సులువు కాదు గానీ, తోట గట్టున ఉన్న పెద్ద చెట్టు మీద డేగ గూడు కనిపిస్తే దాన్ని కదిలించకండి. ముగ్గే దశలో వల కప్పడమే నమ్మదగిన మార్గం.

కూలీలు నడిచే దారికి దూరంగా ఉన్న పెద్ద కందిరీగల గూళ్లను కూడా తీసేయకండి. వైన్‌ను పులియబెట్టే ఈస్టును కందిరీగలు తమ పొట్టలో చలికాలమంతా దాచి, మళ్లీ పండ్ల మీదికి చేరుస్తాయని ఇటలీ శాస్త్రజ్ఞులు 2012లో నిరూపించారు.

తొమ్మిదో అంచె: లెక్క, వైనరీతో మాట

మొదటి ఏడాది ఒక ఎకరంలో మాత్రమే ఇది చేసి, పక్క ఎకరాన్ని పాత పద్ధతిలోనే ఉంచండి. రెండింటిలో మందు ఖర్చు, కూలి ఖర్చు, బంక పట్టి పక్కన పడేసిన గుత్తుల బరువు విడివిడిగా రాయండి. మీ పండు కొనే వైనరీకి ఈ లెక్కల పుస్తకం ముందుగానే చూపించి, కోత తేదీలో వారం వెసులుబాటు, మందు తగ్గించిన పండుకు అదనపు ధర రెండూ ఒప్పంద పత్రంలో రాయించుకోండి. న్యూజిలాండ్‌లో 1990ల నుంచి, కాలిఫోర్నియాలోని లోడైలో 2005 నుంచి నడుస్తున్న ధ్రువీకరణ పథకాలకు పునాది ఇలాంటి సాలు సాలు లెక్కలే. మొదటి ఏడాది ఫలితం చూసి ఖర్చు తగ్గలేదని పట్టీలు దున్నేయకండి. గట్టు మీది చెట్లు పూతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది, అప్పటిదాకా భారమంతా ఏటా విత్తే కొత్తిమీర, జొన్నల మీదే ఉంటుంది. రెండో అక్టోబరు కత్తిరింపు తర్వాత రిబ్బను తీగల మీద గట్టిపడ్డ పిండినల్లుల సంఖ్య నిరుటి కన్నా ముందు వారాల్లోనే కనిపించడం మొదలైతే, అప్పుడు రెండో ఎకరానికి విత్తనం తెచ్చుకోండి.